ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో లిస్ట్‌లతో సాధన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవారికి లిస్ట్‌ల దగ్గర ఎదురయ్యే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఖాళీ లిస్ట్‌కు ఏ జవాబివ్వాలి, ఫోల్డ్‌ను ఎలా చదవాలి, రివర్స్ ఎందుకు అంత నెమ్మదిస్తుంది వంటి ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల, అవి తలెత్తే దశను బట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్ననైనా నేరుగా చదువుకోవచ్చు. ఉదాహరణలు హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషలో రాసే పద్ధతిలో ఉన్నాయి. పేర్లను మాత్రం చదవడానికి వీలుగా తెలుగులో పెట్టాం. `[]` అంటే ఖాళీ లిస్ట్. `మొ : మి` అంటే మొదటి విలువ, దాని వెనుక మిగిలిన లిస్ట్.

## మొదలుపెట్టే ముందు

మ్యాప్ (ప్రతి విలువనూ మార్చడం), రివర్స్ (వరుసను తిప్పడం) లాంటివన్నీ లైబ్రరీలో ఉన్నాయి కదా, వాటిని మళ్లీ నేనెందుకు రాయాలి?

నిజమైన ప్రాజెక్టులో లైబ్రరీ ఫంక్షన్లనే వాడాలి, అందులో రెండో మాట లేదు. సాధనకు మాత్రం అవే ఎందుకు అనువైనవంటే, వాటి ఫలితం ఎలా ఉండాలో మీకు ముందే తెలుసు. సమస్యను అర్థం చేసుకోవడానికి శ్రమ ఖర్చు కాదు కాబట్టి, లూప్ గానీ మార్చగలిగే వేరియబుల్ గానీ లేకుండా ఆలోచించడం మీదే పూర్తి దృష్టి పెట్టవచ్చు. ఇంకో లాభం కొంతకాలానికి తెలుస్తుంది. ఈ ఫంక్షన్లను ఒక్కసారైనా స్వయంగా రాసినవారికి, పొడవు అడిగిన ప్రతిసారీ లిస్ట్ చివరిదాకా నడవాల్సి ఉంటుందని, రెండు లిస్ట్‌లను కలిపినప్పుడు ఎడమవైపుది మొత్తం కాపీ అవుతుందని చెప్పకుండానే తెలుస్తుంది. లైబ్రరీని సరిగా వాడడానికి కావలసిన అవగాహన అదే.

నాకు పైథాన్ వచ్చు. సాధనకు అది చాలదా, కొత్త భాష నేర్చుకోవాలా?

మ్యాప్, ఫిల్టర్‌ల వాడకం అలవాటు చేసుకోవడానికి పైథాన్ చాలు. రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతితో, లిస్ట్‌లను నడపడం నేర్చుకోవడానికి మాత్రం అది సరిపడదన్నది మా అభిప్రాయం. పైథాన్‌లో లిస్ట్ అంటే లోపల అర్రే. మొదటి విలువను వదిలి మిగిలినది తీసుకోవాలని స్లైస్ రాస్తే ప్రతిసారీ కొత్త కాపీ తయారవుతుంది. పైగా రికర్షన్ లోతుకు మామూలుగా 1000 అన్న పరిమితి ఉంటుంది కాబట్టి, సరిగా రాసిన ఫంక్షన్ కూడా కొంచెం పెద్ద లిస్ట్ ఇవ్వగానే ఎర్రర్ చూపిస్తుంది. దాంతో తప్పు మీదేమో అనిపిస్తుంది.

హాస్కెల్, ఓక్యామెల్, స్కీమ్, ఎలిక్సిర్‌లలో ఏదైనా ఒకటి ఎంచుకోండి. టైప్‌ల సహాయం కావాలంటే మొదటి రెండూ మేలు. ఎంచుకున్న భాషలో లిస్ట్ రాసే పద్ధతిని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఓక్యామెల్‌లో విలువల మధ్య సెమీకోలన్ పెట్టాలి. అలవాటు కొద్దీ `[1, 2, 3]` అని కామాలతో రాస్తే ఎర్రర్ రాదు, మూడు అంకెల టపుల్ (కొన్ని విలువలను ఒకటిగా కట్టిన జట్టు) ఒక్కటే ఉన్న లిస్ట్ తయారవుతుంది. పొడవు 3 రావాల్సిన చోట 1 వస్తుంది.

లిస్ట్, అర్రే ఒకటే కాదా?

కాదు. అర్రేలో విలువలు మెమరీలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వెయ్యో విలువను నేరుగా అందుకోవచ్చు. ఫంక్షనల్ భాషల లిస్ట్ సెల్‌ల గొలుసు: ప్రతి సెల్‌లో ఒక విలువ, తర్వాతి సెల్ ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటాయి. వెయ్యో విలువ కావాలంటే ముందున్నవన్నీ దాటాలి. ముందువైపు ఒక విలువ చేర్చడం మాత్రం లిస్ట్ ఎంత పెద్దదైనా ఒకే ఒక్క సెల్ పని.

ఈ నిర్మాణం చాలా పాతది. జాన్ మెకార్తీ 1958లో లిస్ప్‌ను మొదలుపెట్టినప్పుడు, అది నడిచిన ఐబీఎం 704 యంత్రంలో 36 బిట్ల మెమరీ పదంలో (వర్డ్‌లో) 15 బిట్ల భాగాలు రెండు విడిగా అందుబాటులో ఉండేవి. ఒక భాగంలో విలువ చిరునామా, రెండోదానిలో మిగిలిన లిస్ట్ చిరునామా పెడితే ఒక సెల్ ఒక పదంలో సరిపోయేది. లిస్ట్ అంటే మొదటి విలువ, మిగిలిన లిస్ట్ అన్న ఆ విభజనే ఇప్పటి భాషల్లోనూ కొనసాగుతోంది.

లిస్ట్‌ను మార్చకూడదంటారు. అంటే ఒక విలువ చేర్చిన ప్రతిసారీ మొత్తం కాపీ అవుతుందా?

ముందువైపు చేరిస్తే ఏదీ కాపీ కాదు. `లి = [2, 3]` అనుకుందాం. `1 : లి` అని రాస్తే 1 ఉన్న కొత్త సెల్ ఒకటి తయారై, అది పాత `లి`ని చూపిస్తుంది. ఇప్పుడు `[2, 3]` భాగాన్ని రెండు లిస్ట్‌లూ పంచుకుంటున్నాయి. ఎవరూ దాన్ని మార్చలేరు కాబట్టి పంచుకోవడంలో ప్రమాదం లేదు. మార్చకూడదన్న నియమం వల్ల కలిగే పెద్ద సౌలభ్యం ఇదే. చివర చేర్చడం అలా కాదు. ఆఖరి సెల్ కొత్త సెల్‌ను చూపించాలి, అంటే అది మారాలి. దాన్ని మార్చలేం కనుక దాని బదులు కొత్తది, దాన్ని చూపించడానికి అంతకుముందుదాని బదులు ఇంకొకటి, ఇలా మొదటిదాకా అన్నీ కొత్తగా తయారవుతాయి.

## రికర్షన్‌తో తొలి అడుగులు

లూప్ లేకుండా లిస్ట్ మొత్తం ఎలా తిరగాలి?

లిస్ట్ రెండే రూపాల్లో ఉంటుంది: ఖాళీగా, లేదా ఒక మొదటి విలువతోనూ మిగిలిన లిస్ట్‌తోనూ. ఫంక్షన్‌ను కూడా ఆ రెండు రూపాలకూ రెండు లైన్లుగా రాయాలి.

```
పొడవు [] = 0
పొడవు (మొ : మి) = 1 + పొడవు మి
```

మొదటి లైన్ ఖాళీ లిస్ట్‌కు జవాబు. రెండో లైన్ చెప్పేది ఇంతే: మిగిలిన లిస్ట్ పొడవుకు ఒకటి కలిపితే మొత్తం లిస్ట్ పొడవు వస్తుంది. మొదట్లో ఎదురయ్యే అభ్యాసాల్లో చాలావరకు ఈ అచ్చులోనే ఒదుగుతాయి. అందువల్ల ప్రశ్న చదవగానే ఎడమవైపు భాగాలు రెండూ రాసుకుని, కుడివైపు ఖాళీగా ఉంచి, ఆ ఖాళీల్లో ఏం రావాలో ఆలోచించడం మంచి పద్ధతి.

ఖాళీ లిస్ట్‌కు ఒకచోట 0, ఒకచోట 1, ఇంకోచోట ట్రూ ఇస్తున్నారు. ఏది ఇవ్వాలో ఎలా తెలుస్తుంది?

దీన్ని బట్టీ పట్టాల్సిన అవసరం లేదు, లెక్కగట్టి తేల్చవచ్చు. `[4, 6]` అన్న లిస్ట్‌ను `[4, 6]`, `[]` అన్న రెండు ముక్కలుగా చూడండి. ముక్కల జవాబులను కలిపితే మొత్తం జవాబు రావాలి. కూడికకు 10 = 10 + ? కాబట్టి ఖాళీ లిస్ట్ కూడిక 0. గుణకారానికి 24 = 24 × ? కాబట్టి 1. ఇక్కడ పొరపాటున 0 పెడితే ఏ లిస్ట్‌కైనా లబ్ధం 0 అవుతుంది. అన్నీ సరి సంఖ్యలేనా అన్న ప్రశ్నకు ఖాళీ లిస్ట్ జవాబు ట్రూ. ఒక్కటైనా సరి సంఖ్య ఉందా అన్నదానికి ఫాల్స్.

కొన్ని ప్రశ్నలకు అలాంటి విలువే ఉండదు. అతి పెద్ద విలువ వాటిలో ఒకటి. ఖాళీ లిస్ట్‌కు 0 అని రాసి రికర్షన్ నడిపితే `[-7, -3]`కు జవాబు 0 వస్తుంది, ఆ 0 అసలు లిస్ట్‌లోనే లేదు. ఇలాంటి చోట జవాబు ఉండకపోవచ్చునని టైప్‌లోనే చెప్పాలి: హాస్కెల్‌లో మేబీ, ఓక్యామెల్‌లో ఆప్షన్ అందుకే ఉన్నాయి. అంతకన్నా తేలిక కావాలంటే ఒకే విలువ ఉన్న లిస్ట్‌ను బేస్ కేస్‌గా (రికర్షన్ ఆగే సందర్భంగా) తీసుకోవచ్చు, కానీ అప్పుడు ఖాళీ లిస్ట్ వస్తే ఏం జరగాలో కూడా నిర్ణయించుకోవాలి.

కోలన్‌కూ రెండు ప్లస్‌లకూ తేడా ఏమిటి? ఒకటి పెట్టాల్సిన చోట ఇంకొకటి పెట్టేస్తున్నాను.

హాస్కెల్‌లో `:`కు ఎడమవైపు ఒక విలువ, కుడివైపు లిస్ట్ ఉండాలి. `++`కు రెండువైపులా లిస్ట్‌లే ఉండాలి. అంటే `3 : [5]` సరైనది, `[3] ++ [5]` సరైనది, `[3] : 5` తప్పు. రివర్స్ రాసేటప్పుడు చాలామంది `తిప్పు మి : మొ` అని రాస్తారు. విలువ కుడివైపు, లిస్ట్ ఎడమవైపు పడ్డాయి. టైప్ సంతకం (ఫంక్షన్ ఏ రకం విలువ తీసుకుని ఏ రకం ఇస్తుందో చెప్పే లైన్) రాయకపోతే, అనంతమైన టైప్‌ను నిర్మించలేనని కంపైలర్ చెబుతుంది. ఆ సందేశం కనిపించగానే విలువకూ లిస్ట్‌కూ ఎక్కడో స్థానాలు తారుమారయ్యాయేమోనని చూడండి. టైప్ సంతకం ముందే రాసుకుంటే సందేశం ఇంకా సూటిగా ఉంటుంది.

ఓక్యామెల్‌లో చేర్చడానికి `::`, కలపడానికి `@` వాడతారు. హాస్కెల్‌లో `::` టైప్ చెప్పడానికి వాడే గుర్తు కాబట్టి రెండు భాషలూ ఒకేసారి నేర్చుకునేవారు జాగ్రత్తపడాలి.

`పొడవు మొ : మి` అని రాస్తే ఎర్రర్ వస్తోంది, బ్రాకెట్లు పెడితే పోతోంది. ఎందుకు?

ఫంక్షన్‌కు పక్కనున్న విలువను ఇవ్వడం అన్నింటికన్నా ముందు జరుగుతుంది. బ్రాకెట్లు లేకపోతే దాన్ని `(పొడవు మొ) : మి` అని కంపైలర్ చదువుతుంది. మొదటి విలువ, మిగిలిన లిస్ట్ కలిసి ఒకే ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు ఇచ్చే విలువ) కావాలంటే `పొడవు (మొ : మి)` అనే రాయాలి.

హెడ్ వాడిన చోట ప్రోగ్రామ్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

హెడ్ అంటే లిస్ట్ మొదటి విలువను ఇచ్చే ఫంక్షన్. ఖాళీ లిస్ట్‌కు మొదటి విలువ లేదు కాబట్టి హెడ్ దానికి జవాబివ్వలేదు. హాస్కెల్ కంపైలర్ అయిన జీహెచ్‌సీ 9.8 నుంచి హెడ్, టెయిల్ (మిగిలిన లిస్ట్‌ను ఇచ్చేది) వాడకంపై హెచ్చరిక కూడా ఇస్తోంది. `[]`, `(మొ : మి)` అన్న రెండు ప్యాటర్న్‌లతో రాస్తే మొదటి విలువ దానంతటదే చేతికి వస్తుంది, ఖాళీ సందర్భం మరిచిపోయే అవకాశం కూడా తగ్గుతుంది. ప్యాటర్న్‌లన్నీ రాశారా లేదా అని చెప్పే హెచ్చరికను కంపైలర్‌లో ఆన్ చేసి ఉంచండి. సాధన చేసేటప్పుడు దానంత ఉపయోగపడే సాధనం మరొకటి లేదు.

రికర్షన్ చదివితే అర్థమవుతోంది, రాయబోతే తల తిరుగుతోంది. ఎలా సాధన చేయాలి?

లోపలికి దిగుతూ ప్రతి పిలుపునూ మనసులో పట్టుకోవాలని ప్రయత్నించడం వల్లే ఎక్కువమందికి ఇలా జరుగుతుంది. రాసేటప్పుడు ఒక్క మెట్టే చూడండి: మిగిలిన లిస్ట్‌కు సరైన జవాబు వచ్చేసిందనుకుంటే, దానికి మొదటి విలువను ఎలా జోడించాలి? రాసిన తర్వాత మాత్రం ఒక చిన్న లిస్ట్‌ను కాగితం మీద చివరిదాకా విడదీసి చూసుకోవాలి. క్రమంలో ఉన్న లిస్ట్‌లో ఒక విలువను దాని చోట చేర్చే ఫంక్షన్ తీసుకుందాం. ఇందులో `|` తర్వాత ఉన్నది షరతు.

```
చేర్చు క [] = [క]
చేర్చు క (మొ : మి)
  | క <= మొ   = క : (మొ : మి)
  | లేకపోతే   = మొ : చేర్చు క మి
```

దీన్ని `చేర్చు 4 [2, 3, 6]`తో నడిపితే ఇలా సాగుతుంది:

```
చేర్చు 4 [2, 3, 6]
= 2 : చేర్చు 4 [3, 6]
= 2 : (3 : చేర్చు 4 [6])
= 2 : (3 : (4 : [6]))
= [2, 3, 4, 6]
```

ఆఖరి లైన్‌లో `మొ :` రాయడం మరిచిపోయి `చేర్చు క మి` అని మాత్రమే రాయడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది, టైప్‌లు సరిపోతాయి, జవాబు మాత్రం `[4, 6]` వస్తుంది. 2, 3 ఎక్కడ పోయాయో స్క్రీన్ వైపు ఎంతసేపు చూసినా తట్టదు. కాగితం మీద రెండో లైన్ రాయగానే 2 కనబడకపోవడం కళ్లకు తగులుతుంది. `[]`, ఒకే విలువ ఉన్న లిస్ట్, మూడు విలువలున్న లిస్ట్, ఈ మూడింటినీ ఇలా విడదీసి చూస్తే మొదటి దశలో వచ్చే తప్పుల్లో చాలావరకు బయటపడతాయి.

నేను రాసిన ఫంక్షన్ ఎప్పటికీ ఆగడం లేదు. ఖాళీ లిస్ట్ కేసు రాశాను కూడా.

ఖాళీ కేసు ఉంటే చాలదు, ప్రతి పిలుపులోనూ లిస్ట్ చిన్నదవుతూ ఉండాలి. లిస్ట్‌ను క్రమంలో పెట్టే (సార్ట్ చేసే) మెర్జ్ సార్ట్ దీనికి చక్కని ఉదాహరణ. లిస్ట్‌ను సగానికి విడగొట్టి, రెండు సగాలనూ సార్ట్ చేసి, కలుపుతాం. ఖాళీ లిస్ట్‌ను మాత్రమే బేస్ కేస్‌గా పెడితే, `[5]` వచ్చినప్పుడు దాని సగాలు `[]`, `[5]` అవుతాయి. ఆ `[5]` మళ్లీ `[]`, `[5]` అవుతుంది. చిన్నదవడం అక్కడితో ఆగిపోయింది కాబట్టి పని ఎప్పటికీ పూర్తికాదు. ఒకే విలువ ఉన్న లిస్ట్‌ను రెండో బేస్ కేస్‌గా చేరిస్తే సరిపోతుంది. ఇంకో సాధారణ కారణం, మొత్తం లిస్ట్‌కు ఒక పేరు, మిగిలినదానికి ఇంకో పేరు ఉన్నప్పుడు పొరపాటున మొత్తాన్నే మళ్లీ పిలవడం.

## మ్యాప్, ఫిల్టర్, ఫోల్డ్

మ్యాప్ ఎప్పుడు వాడాలి, ఫిల్టర్ ఎప్పుడు వాడాలి?

పొడవు మారకుండా ప్రతి విలువా వేరే విలువగా మారాలంటే మ్యాప్. విలువలు మారకుండా కొన్ని మాత్రమే మిగలాలంటే ఫిల్టర్. రెండూ కావాల్సినప్పుడు, షరతు పాత విలువ మీద ఉంటే ముందు ఫిల్టర్, కొత్త విలువ మీద ఉంటే ముందు మ్యాప్. ఒక్కో విలువ నుంచి సున్నా గానీ ఎక్కువ గానీ ఫలితాలు రావాలంటే ఈ రెండూ చాలవు. `[3, 1, 2]`ను `[3, 3, 1, 1, 2, 2]`గా మార్చాలనుకోండి. ప్రతి విలువకూ ఒక చిన్న లిస్ట్ తయారుచేసి, ఆ లిస్ట్‌లన్నింటినీ ఒకటిగా కలపాలి. దీన్ని చాలా భాషల్లో ఫ్లాట్‌మ్యాప్ అంటారు, హాస్కెల్‌లో కాన్‌క్యాట్‌మ్యాప్.

ఫోల్డ్ ఎంత చదివినా అర్థం కావడం లేదు. సులువైన దారి ఉందా?

ఉంది, కానీ అది ఫోల్డ్‌తో మొదలవదు. ముందు కూడిక, లబ్ధం, పొడవు అన్న మూడు ఫంక్షన్లనూ రికర్షన్‌తో విడివిడిగా రాసి పక్కపక్కనే పెట్టుకోండి.

```
కూడిక [] = 0
కూడిక (మొ : మి) = మొ + కూడిక మి

లబ్ధం [] = 1
లబ్ధం (మొ : మి) = మొ * లబ్ధం మి
```

వీటిలో మారుతున్నవి రెండే: ఖాళీ లిస్ట్‌కు ఇచ్చే విలువ, మొదటి విలువనూ మిగతా జవాబునూ కలిపే పని. ఆ రెండింటినీ ఆర్గ్యుమెంట్లుగా బయటికి తీస్తే మిగిలే అచ్చే ఫోల్డ్.

```
కుడిఫోల్డ్ పని ఆరంభం [] = ఆరంభం
కుడిఫోల్డ్ పని ఆరంభం (మొ : మి) = పని మొ (కుడిఫోల్డ్ పని ఆరంభం మి)
```

దీన్ని చదవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. `[3, 8, 5]` అంటే అసలు రూపం `3 : (8 : (5 : []))`. కుడి ఫోల్డ్ ప్రతి `:` స్థానంలో మీరిచ్చిన పనినీ, `[]` స్థానంలో ఆరంభ విలువనూ పెడుతుంది. కూడిక ఇస్తే అది `3 + (8 + (5 + 0))` అవుతుంది, జవాబు 16. పనిగా `:`నే, ఆరంభంగా `[]`నే ఇస్తే అదే లిస్ట్ తిరిగొస్తుంది.

మీరిచ్చే పనికి అందే రెండో ఆర్గ్యుమెంట్ దగ్గరే అందరూ తడబడతారు. అది మిగిలిన లిస్ట్ కాదు, మిగిలిన లిస్ట్‌కు ఇప్పటికే వచ్చిన జవాబు. ఈ ఒక్క విషయం స్థిరపడితే మ్యాప్‌ను ఫోల్డ్‌తో రాయడం కష్టమనిపించదు:

```
మ్యాప్ ఫ లి = కుడిఫోల్డ్ (\మొ జవాబు -> ఫ మొ : జవాబు) [] లి
```

`\`తో మొదలయ్యేది పేరు లేని ఫంక్షన్. ఇక్కడ `జవాబు` అంటే మిగతా విలువలకు మ్యాప్ పూర్తయిన లిస్ట్. దాని ముందు `ఫ మొ` చేర్చడమే మిగిలింది. ఫిల్టర్‌ను, తర్వాత `++`ను ఇదే పద్ధతిలో స్వయంగా రాసి చూడండి.

కుడి ఫోల్డ్, ఎడమ ఫోల్డ్‌లలో ఏది వాడాలి?

కూడిక వంటి పనులకు రెండూ ఒకే జవాబిస్తాయి కాబట్టి తేడా కనిపించదు. తీసివేతతో చూడండి. `[1, 2, 3]`కు ఆరంభం 0గా పెడితే కుడి ఫోల్డ్ `1 - (2 - (3 - 0))` లెక్కగట్టి 2 ఇస్తుంది. ఎడమ ఫోల్డ్ `((0 - 1) - 2) - 3` లెక్కగట్టి -6 ఇస్తుంది.

ఎంపికకు ఇదొక ఆధారం. ఫలితం కూడా లిస్టే అయి, విలువల వరుస అలాగే ఉండాలంటే కుడి ఫోల్డ్ సహజంగా సరిపోతుంది. ఫలితం ఒకే సంఖ్యో మొత్తమో అయితే ఎడమ ఫోల్డ్ వాడండి. హాస్కెల్‌లో మాత్రం మామూలు ఎడమ ఫోల్డ్ లెక్కలను వాయిదా వేసుకుంటూ పోయి మెమరీ నింపగలదు కనుక, పేరు చివర ప్రైమ్ గుర్తు (') ఉన్న, లెక్కను వెంటనే చేసే కచ్చితమైన రకాన్నే వాడాలి. 2024లో వచ్చిన జీహెచ్‌సీ 9.10 నుంచి అది ఇంపోర్ట్ అవసరం లేకుండానే అందుతోంది. ఓక్యామెల్‌లో ఎడమ ఫోల్డ్ టెయిల్ రికర్షన్‌తో (దీని వివరణ కింద ఉంది) ఉంటుంది కాబట్టి అక్కడ ఆ చింత లేదు.

మీరిచ్చే పనికి ఆర్గ్యుమెంట్లు ఏ వరుసలో వస్తాయో కూడా చూసుకోవాలి. హాస్కెల్ ఎడమ ఫోల్డ్‌లోనూ జావాస్క్రిప్ట్ రెడ్యూస్‌లోనూ ముందు పోగైన జవాబు, తర్వాత విలువ. హాస్కెల్ కుడి ఫోల్డ్‌లోనూ ఎలిక్సిర్ రెడ్యూస్‌లోనూ ముందు విలువ, తర్వాత జవాబు.

మ్యాప్ లోపల ప్రింట్ పెట్టవచ్చా?

పెట్టకండి. మ్యాప్ ఉన్నది కొత్త లిస్ట్ తయారుచేయడానికి. పైథాన్ 3లో మ్యాప్ ఫలితాన్ని ఎవరూ వాడకపోతే లోపలి ప్రింట్ అసలు నడవదు. ప్రతి విలువకూ ఒక చర్య జరగడమే కావాలంటే దానికోసం ఉన్న ఫంక్షన్ గానీ లూప్ గానీ వాడండి.

జావాస్క్రిప్ట్‌లో మ్యాప్‌కు ఫంక్షన్ పేరు నేరుగా ఇస్తే వింత జవాబులు వస్తున్నాయి. ఎందుకు?

జావాస్క్రిప్ట్ మ్యాప్ మీ ఫంక్షన్‌కు విలువతో పాటు దాని స్థానాన్నీ, మొత్తం అర్రేనూ కూడా పంపుతుంది. `["10", "10", "10"]`కు అక్షరాల్లో ఉన్న సంఖ్యను నిజమైన సంఖ్యగా మార్చే పార్స్‌ఇంట్‌ను నేరుగా ఇస్తే 10, ఎన్‌ఏఎన్ (సంఖ్య కాదని చెప్పే విలువ), 2 వస్తాయి. పార్స్‌ఇంట్ తన రెండో ఆర్గ్యుమెంట్‌ను సంఖ్యామానపు ఆధారంగా తీసుకుంటుంది. స్థానం 0 వచ్చినప్పుడు మామూలు దశాంశం, 1 వచ్చినప్పుడు చెల్లని ఆధారం, 2 వచ్చినప్పుడు ద్విసంఖ్యామానం. ఒక్క ఆర్గ్యుమెంట్ మాత్రమే తీసుకునే చిన్న ఫంక్షన్‌లో చుట్టి ఇస్తే సమస్య తీరుతుంది.

రెండు లిస్ట్‌ల విలువలను జతలుగా కలుపుతూ జిప్ చేస్తే కొన్ని విలువలు మాయమవుతున్నాయి. ఇది తప్పా?

హాస్కెల్, ఎలిక్సిర్, పైథాన్‌లలో జిప్ పొట్టి లిస్ట్ అయిపోగానే ఆగుతుంది, పొడుగుదానిలో మిగిలినవి వదిలేస్తుంది. ఓక్యామెల్‌లో జతచేసే ఫంక్షన్ పొడవులు వేరైతే ఎర్రర్ ఇస్తుంది. పొడవులు సమానంగా ఉండి తీరాలన్నది మీ ప్రోగ్రామ్ నియమమైతే, పైథాన్ 3.10 నుంచి ఉన్న స్ట్రిక్ట్ ఆప్షన్ వాడండి. హాస్కెల్‌లో అయితే ఆ పరీక్ష మీరే రాయాలి.

## వేగం, మెమరీ

నా రివర్స్ సరిగానే పనిచేస్తోంది, కానీ పెద్ద లిస్ట్ ఇస్తే చాలా నెమ్మది. ఏం తప్పు?

బహుశా `తిప్పు (మొ : మి) = తిప్పు మి ++ [మొ]` అని రాసి ఉంటారు. జవాబు సరైనదే, కానీ `++` ప్రతిసారీ ఎడమవైపు లిస్ట్‌ను మొత్తం కాపీ చేస్తుంది. 1000 విలువలుంటే 999, 998, 997 ఇలా 0 దాకా మొత్తం 4,99,500 సెల్‌లు కాపీ అవుతాయి. పొడవు రెట్టింపైతే పని దాదాపు నాలుగు రెట్లవుతుంది.

ఇప్పటిదాకా వచ్చిన జవాబును ఒక అదనపు ఆర్గ్యుమెంట్‌లో మోసుకెళ్తే ఈ కాపీ అవసరం ఉండదు. ఆ ఆర్గ్యుమెంట్‌నే అక్యుములేటర్ అంటారు.

```
తిప్పు లి = నడుపు లి []

నడుపు [] పోగు = పోగు
నడుపు (మొ : మి) పోగు = నడుపు మి (మొ : పోగు)
```

`[1, 2, 3]`తో నడిపితే:

```
నడుపు [1, 2, 3] []
= నడుపు [2, 3] [1]
= నడుపు [3] [2, 1]
= నడుపు [] [3, 2, 1]
= [3, 2, 1]
```

ప్రతి విలువకూ ఒక్క కొత్త సెల్ మాత్రమే తయారవుతోంది, అంటే 1000 విలువలకు 1000 సెల్‌లు. విలువలు ముందువైపు చేరుతూ పోవడం వల్ల వరుస దానంతటదే తిరగబడుతుంది. ఇక్కడ మనకు కావలసింది కూడా అదే. మ్యాప్‌ను ఇలా రాస్తే మాత్రం చివర ఒకసారి రివర్స్ చేయాల్సి వస్తుంది.

ప్రతి ఫంక్షన్‌నూ టెయిల్ రికర్షన్‌లోకి మార్చాలా?

అక్కర్లేదు. ఫంక్షన్‌లో ఆఖరుగా జరిగే పని రికర్షన్ పిలుపే అయితే (టెయిల్ రికర్షన్ అంటే ఇదే), స్కీమ్, ఎర్లాంగ్, ఎలిక్సిర్, ఓక్యామెల్ వంటివి స్టాక్‌ను (పూర్తికాని పిలుపులను గుర్తుంచుకునే మెమరీని) పెంచకుండా నడిపిస్తాయి. ఒకే సంఖ్యను పోగుచేసే ఫంక్షన్లకు అది మేలు. పైథాన్ అలాంటి సౌకర్యం ఇవ్వదు కాబట్టి అక్కడ మార్చినా పరిమితి తప్పదు. హాస్కెల్‌లో మ్యాప్‌ను అక్యుములేటర్‌తో రాస్తే నష్టమే: మొదటి విలువ కావాలన్నా లిస్ట్ అంతా పూర్తయ్యేదాకా ఆగాలి. ఓక్యామెల్‌లోనూ 5.1 నుంచి లైబ్రరీ మ్యాప్ పెద్ద లిస్ట్‌లకు స్టాక్ పెరగకుండా నడుస్తోంది. మొదట తేటగా రాయండి. నిజంగా స్టాక్ సమస్య ఎదురైనప్పుడు మార్చండి.

అంతులేని లిస్ట్‌ను ఫిల్టర్ చేస్తే 9 దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు?

హాస్కెల్‌లో `[1..]` నుంచి 10 కన్నా తక్కువ సంఖ్యలను ఫిల్టర్ చేయమంటే 1 నుంచి 9 దాకా తెరమీద కనిపించి, ఆ తర్వాత ఏమీ రాదు. సంఖ్యలు పెరుగుతూ పోతాయని మీకు తెలుసు, ఫిల్టర్‌కు తెలియదు. 10 కన్నా తక్కువది ముందు ఇంకెక్కడైనా ఉందేమోనని అది వెతుకుతూనే ఉంటుంది. షరతు తప్పగానే ఆగిపోయే టేక్‌వైల్ ఇక్కడ సరైనది. అంతులేని లిస్ట్‌లు సాధ్యమయ్యేది విలువలను అడిగినప్పుడే లెక్కగట్టే లేజీ పద్ధతి వల్ల. ఎలిక్సిర్‌లో స్ట్రీమ్, ఓక్యామెల్‌లో సీక్ ఇదే పనికి ఉన్నాయి.

## సాధన కొనసాగించేటప్పుడు

ఏ వరుసలో అభ్యాసాలు చేస్తే మంచిది?

లిస్ట్‌ను ఒకే జవాబుగా కుదించేవి ముందు చేయండి: పొడవు, కూడిక, ఒక విలువ ఉందా లేదా, ఆఖరి విలువ. తర్వాత లిస్ట్ నుంచి లిస్ట్ తయారుచేసేవి: రెండు లిస్ట్‌లను కలపడం, మొదటి కొన్ని విలువలు తీసుకోవడం, కొన్ని వదిలేయడం, మ్యాప్, ఫిల్టర్, జిప్. అక్యుములేటర్‌తో రివర్స్ వీటి తర్వాత రావాలి. ఫోల్డ్‌ను అప్పటిదాకా ఆపి, ఇంతకుముందు రాసినవాటినే ఫోల్డ్‌తో తిరగరాయడం మంచిదని మా నిశ్చితాభిప్రాయం. ముందే ఫోల్డ్ చెబితే సూత్రం గుర్తుంటుంది, అది ఎందుకు అలా ఉందో తెలియదు.

పక్కపక్కనే ఉన్న విలువలను చూడాల్సిన లెక్కలు తర్వాతి మెట్టు. వరుసగా వచ్చే నకళ్లను తీసేయడం, `[4, 4, 4, 7, 2, 2]`ను `[(3, 4), (1, 7), (2, 2)]`గా కుదించడం వంటివి ఇక్కడికి వస్తాయి. వీటిలో `(అ : ఆ : మి)` అన్న రెండు విలువల ప్యాటర్న్ కావాలి, అది వచ్చిందంటే ఒకే విలువ ఉన్న లిస్ట్‌కూ విడిగా ఒక లైన్ కావాలి. చివరగా ఇన్సర్షన్ సార్ట్, మెర్జ్ సార్ట్, ఒక లిస్ట్ ఉపసమితులన్నీ రాయడం.

నా జవాబు సరైనదో కాదో ఎవరినీ అడగకుండా ఎలా తెలుసుకోవాలి?

ఉదాహరణలతో పాటు, ఏ లిస్ట్‌కైనా నిలవాల్సిన నియమాలను రాసుకోండి. రెండుసార్లు తిప్పితే మొదటి లిస్టే రావాలి. కలిపిన లిస్ట్ పొడవు రెండు పొడవుల మొత్తం కావాలి. `తీసుకో న లి ++ వదులు న లి` ఎప్పుడూ `లి`తో సమానం కావాలి. సార్ట్ చేసిన లిస్ట్ క్రమంలో ఉండడమే కాక, అందులో అవే విలువలు అన్నేసిసార్లు ఉండాలి. ఈ రెండో భాగం మరిచిపోతే ఎప్పుడూ ఖాళీ లిస్ట్ ఇచ్చే సార్ట్ కూడా పరీక్ష నెగ్గుతుంది.

ఇలాంటి నియమాలను యాదృచ్ఛిక లిస్ట్‌లతో పరీక్షించే క్విక్‌చెక్ అనే హాస్కెల్ సాధనం గురించిన పత్రం 2000లో వచ్చింది. ఇప్పుడు చాలా భాషల్లో అలాంటివి ఉన్నాయి. అది మామూలుగా ఒక్కో నియమాన్ని 100 లిస్ట్‌లతో పరీక్షిస్తుంది. కలిపిన లిస్ట్‌ను తిప్పితే `తిప్పు అ ++ తిప్పు ఆ` వస్తుందని రాసి నడిపి చూడండి. వెంటనే `[0]`, `[1]` లాంటి చిన్న ప్రతికూల ఉదాహరణ చూపించి, సరైన నియమం `తిప్పు ఆ ++ తిప్పు అ` అని మీరే కనుక్కునేలా చేస్తుంది.

లెక్క రాకపోతే జవాబు చూడవచ్చా?

చూడవచ్చు, కానీ రెండు ప్యాటర్న్‌లూ రాసి, ఒక చిన్న ఉదాహరణను కాగితం మీద విడదీసి, ఎక్కడ ఆగిపోయారో ఒక వాక్యంలో చెప్పగలిగాక చూడండి. అప్పుడు ఆ ఒక్క చోటే వెతుకుతారు, మిగతాది మీదే అవుతుంది. చూశాక దాన్ని మూసేసి, మర్నాడు ఏదీ చూడకుండా మొదటినుంచి రాయండి.

నా పరిష్కారం ఎనిమిది లైన్లుంది, వేరేవాళ్లది ఒకే లైన్. నాది తప్పా?

తప్పు కాదు. వరుస నకళ్లను లెక్కించే అభ్యాసాన్ని, లైబ్రరీలోని గ్రూప్ ఫంక్షన్‌తో ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పొడవునూ మొదటి విలువనూ మ్యాప్ చేసి ఒకే లైన్‌లో రాయవచ్చు. ఆ లైన్ బాగుంటుంది, ఎందుకంటే కష్టమైన భాగాన్ని గ్రూప్ చేసేసింది. మీరు రాసిన ఎనిమిది లైన్లలో గ్రూప్ లోపల జరిగే పని కూడా ఉంది. కాబట్టి ముందు మీ పద్ధతిలో పూర్తిచేసి, అందులోంచి గ్రూప్‌ను విడి ఫంక్షన్‌గా బయటికి తీయండి. మిగిలేది ఆ ఒక్క లైనే.

లిస్ట్‌లు బాగా వచ్చాయి. తర్వాత ఏం చేయాలి?

బైనరీ ట్రీకి వెళ్లండి. అది కూడా రెండే రూపాల్లో ఉంటుంది: ఖాళీ ఆకు, లేదా ఎడమ ట్రీ, ఒక విలువ, కుడి ట్రీ ఉన్న కొమ్మ. ఫంక్షన్‌కు మళ్లీ రెండే లైన్లు.

```
మొత్తం ఆకు = 0
మొత్తం (కొమ్మ ఎడమ విలువ కుడి) = మొత్తం ఎడమ + విలువ + మొత్తం కుడి
```

విలువల సంఖ్య, లోతు, ట్రీ మీద మ్యాప్ ఇదే విధంగా రాయవచ్చు. ఆ తర్వాత చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి వెళ్లేలా విలువలను చేర్చే ఫంక్షన్ రాసి, ట్రీని ఎడమ, విలువ, కుడి వరుసలో లిస్ట్‌గా మార్చండి. విలువలు క్రమంలో వస్తాయి. మొదట `++`తో రాస్తే, ఎడమవైపే పెరిగిన ట్రీకి పని పొడవు వర్గంతో పెరుగుతుంది. అదే ఫంక్షన్‌ను `++` లేకుండా, అక్యుములేటర్‌తో, కుడి కొమ్మ నుంచి మొదలుపెట్టి రాయడానికి ప్రయత్నించండి.